లగ్గం అప్పు, లేబర్ క్యాంపు

గల్ఫ్ లేబర్ క్యాంపులో కార్మికుడు ఎంతవరకు ఓర్చుకుంటాడు, ఎప్పుడు పని ఆపి రోడ్డెక్కుతాడు అన్నది కంపెనీ ఇచ్చే జీతం ఒక్కదానితో తేలదు. ఊళ్లో అక్క లగ్గానికి చేసిన అప్పులో ఇంకా ఎంత మిగిలింది, చెల్లె లగ్గం ఎప్పుడు పెట్టుకున్నారు, తన పెళ్లికి చుట్టీ (సెలవు) దొరుకుతుందా అన్న లెక్కలు కూడా అందులో ఉంటాయి. కార్మిక ఆందోళనల గురించి రాసేవారు మామూలుగా కూలి రేటు, పని గంటలు, తిండి, గది గురించి రాస్తారు. పెళ్లి ఖర్చును ఇంటి సంగతిగా పక్కన పెడతారు. ఉత్తర తెలంగాణ వలసను అలా చూస్తే సగమే కనిపిస్తుంది.

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట ఈ వలస ప్రాంతానికి అంచున ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు హుస్నాబాద్ నుంచి విడదీసి దీన్ని మండలం చేశారు. అంతవరకు ఇది కరీంనగర్ జిల్లాలోని ఊరు. చెరువులు, బావులు, బోర్ల మీద బతికే మెట్ట నేల, చుట్టూ లంబాడీ తండాలు. గోదావరి నీళ్ల కోసం తలపెట్టిన గౌరవెల్లి రిజర్వాయరు ఈ మండలంలోనిదే. దాని కోసం గుడాటిపల్లి, చుట్టుపక్కల తండాలు ముంపు జాబితాలోకి వెళ్లాయి, పరిహారం మీద గొడవలు ఏళ్ల తరబడి సాగాయి. ఇలాంటి నేల మీద ఒక పంట పోతే మళ్లీ నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే పాత కరీంనగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల నుంచి మనుషులు తరతరాలుగా బయటికి పోతున్నారు. మొదట బొంబాయి, భీవండి, షోలాపూర్, సూరత్. 1970ల్లో చమురు ధరలు పెరిగిన తర్వాత దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతర్. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ వైపు ఇది మరింత దట్టం.

వలసకు కారణం అడిగితే చెప్పే జవాబు తరచూ ఒకటే: అప్పు. ఆ అప్పులో బోరు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, ఇల్లు కట్టిన ఖర్చు ఉంటాయి. ఆడపిల్లల పెళ్లి ఖర్చు మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని 1961 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం పల్లెటూరి పెళ్లి మాటల్లో ఎక్కడా వినిపించదు. నగదు కట్నం, తులాల లెక్కన బంగారం, బండి, ఇంటి సామాను, విందు భోజనం, పెట్టుపోతలు, తర్వాత ఒడిబియ్యం, తొలి కాన్పు. ఖర్చు పెళ్లి రోజుతో ఆగదు. బ్యాంకు పంటకు అప్పిస్తుంది, పెళ్లికి ఇవ్వడం అరుదు. కాబట్టి మహిళా సంఘంలో తీసుకున్న రుణం, ఎత్తిన చిట్టీ, వడ్డీ వ్యాపారి దగ్గరి నోటు, అన్నీ కలిసి ఒక లగ్గం అవుతాయి.

ఈ అప్పు మీద మిత్తిని ఊళ్లో నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. 5 లక్షల అప్పుకు రెండు రూపాయల లెక్కన నెలకు 10 వేలు మిత్తికే పోతాయి. ఖతర్ 2021 మార్చి నుంచి అమలు చేస్తున్న కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. మన డబ్బుల్లో అది 2025 నాటికి 23–24 వేల రూపాయలు. అంటే జీతంలో రూపాయికి నలభై పైసల వంతు అసలును తాకకుండానే వెళ్లిపోతుంది. మిగిలిన దాంట్లో తన చేతి ఖర్చు, ఫోను, ఇంటి ఖర్చు, ఆపైన వీసాకు చేసిన అప్పు. విదేశీ ఉపాధికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు కార్మికుడి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోరాదన్నది భారత ప్రభుత్వ నిబంధన. సబ్ ఏజెంట్ల చేతుల మీదుగా నడిచే వాస్తవ ధర దానికి ఎన్నో రెట్లు. పెళ్లి అప్పు తీర్చడానికి వీసా అప్పు చేయడం ఈ వలసలో మామూలు సంగతి.

బంగారం లెక్క ఇంకా కఠినం. 2006లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ దుబాయి నిర్మాణ కార్మికుల సగటు జీతం నెలకు సుమారు 175 డాలర్లని రాసింది. అప్పటి మారకంలో అది 8 వేల రూపాయలకు కొంచెం తక్కువ. 2007లో తులం బంగారం 10 వేల రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. అంటే నెలన్నర లోపు జీతానికి ఒక తులం. 2025 ఏప్రిల్‌లో తులం లక్ష రూపాయలు దాటింది. ఖతర్ కనీస వేతనం మీద పనిచేసేవాడికి అది నాలుగు నెలల పై చిలుకు జీతం. గల్ఫ్ జీతం రూపాయల్లో మూడింతలు అయిందని చెప్పుకోవచ్చు గానీ, పెళ్లి పందిట్లో అడిగేది రూపాయలను కాదు, తులాలను. ఆ కొలతలో చూస్తే 2007 ప్రాంతంలో వెళ్లినవాడి కంటే ఇప్పుడు వెళ్లేవాడు చాలా తక్కువ సంపాదిస్తున్నాడు.

ఓర్పుకు వెనక ఉన్న లెక్క

ఇంత బరువు ఉన్న మనిషి మొదట చేసే పని నోరు మూసుకోవడం. ఇది స్వభావం కాదు, గణితం. పని ఆపితే జీతం ఆగుతుంది, ఊళ్లో మిత్తి ఆగదు. సమ్మెకు దిగి పట్టుబడితే వీసా రద్దు చేసి ఇంటికి పంపుతారు. సౌదీ, యూఏఈల్లో వలస కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు గానీ సమ్మె హక్కు గానీ లేవు. కార్మికుడి అఖామా (నివాస అనుమతి) కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చేతిలో ఉంటుంది. పాస్‌పోర్టు లాక్కోవడం చట్టప్రకారం తప్పయినా చాలా చోట్ల అది కంపెనీ బీరువాలోనే ఉంటుంది. అప్పు తీరకముందే తిరిగొస్తే ఊళ్లో ఎదురయ్యేది అప్పులవాడు ఒక్కడే కాదు. చెల్లె సంబంధం చెడిపోవచ్చు, ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది. అందుకే ఒప్పందంలో రాసిన పని ఒకటి, చేయించే పని ఒకటి అయినా, చెప్పిన జీతంలో మూడో వంతు కోసినా, తొలి ఏడాది చాలామంది కిమ్మనరు.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాడు, పెళ్లీడు చెల్లెళ్లు ఉన్నవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఎక్కువ ఓవర్‌టైం చేస్తారు, తక్కువ ఎదురు చెబుతారు. క్యాంపులో ముందుగా గొంతెత్తేది ఎక్కువగా అప్పు తీరినవాడో, ఇంకా పెళ్లి బరువు మీద పడనివాడో, లేదా ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడో.

ఈ మూడో రకం వాడే అసలు కీలకం. తక్కువ జీతాన్ని అప్పు భరింపజేస్తుంది. రాని జీతాన్ని అదే అప్పు భరించనివ్వదు. నెలకు 800 దిర్హాములు వస్తే మిత్తి కట్టవచ్చు, చిట్టీ నిలబెట్టుకోవచ్చు. మూడు నెలలు ఏమీ రాకపోతే ఊళ్లో అప్పులవాడు ఇంటి ముందు కూర్చుంటాడు, లగ్గానికి మాట్లాడుకున్న రోజు దగ్గరపడుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం అంటూ లగ్గాలకు కాలాలున్నాయి. మూఢం వస్తే ముహూర్తమే లేదు. ఒకసారి తప్పిన లగ్గాన్ని మళ్లీ పెట్టుకోవాలంటే నెలలు ఆగాలి, ఈలోగా వరుడి వైపు అడిగేది పెరగవచ్చు. కంపెనీ దృష్టిలో జీతం కొంత ఆలస్యమైంది, అంతే. కార్మికుడికి అది గడువు దాటిపోవడం. అందుకే గల్ఫ్ ఆందోళనల డిమాండ్లు ఎక్కువగా పాత బాకీలు, ఓవర్‌టైం డబ్బు, తిండి డబ్బు, ఇంటికి టికెట్ చుట్టూ తిరుగుతాయి. ఎనిమిది గంటల పని, యూనియన్ గుర్తింపు వంటి దీర్ఘకాలిక కోరికలు వాటిలో అరుదు.

రోడ్డెక్కిన సందర్భాలు

2006 మార్చి 21 రాత్రి దుబాయిలో నేడు బుర్జ్ ఖలీఫాగా పిలిచే కట్టడం దగ్గర సుమారు 2,500 మంది కార్మికులు తిరగబడ్డారు. కార్లు, కంప్యూటర్లు, కార్యాలయ సామగ్రి ధ్వంసమయ్యాయి. జీతాలు పెంచాలన్నది ప్రధాన డిమాండు. మరుసటి ఏడాది అలజడి ఇంకా విస్తరించింది. 2007 అక్టోబరు చివర్లో జెబెల్ అలీ వైపు ఆందోళన చేసిన వేల మందిని అదుపులోకి తీసుకున్నారు. నవంబరులో అరబ్‌టెక్ అనే పెద్ద నిర్మాణ కంపెనీలో 30 వేలకు పైగా కార్మికులు పని ఆపారు. అది పది రోజుల దాకా సాగి, కొంత జీతం పెంపుతో ముగిసింది. ఈ క్యాంపుల్లో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ కార్మికులంతా ఉన్నారు. భారతీయుల్లో తెలుగువాళ్లు పెద్ద వర్గం.

ఆ అలజడి 2007లోనే అంతగా ఎందుకు పెరిగిందో చూస్తే పెళ్లి అప్పు చేసే పని స్పష్టంగా తెలుస్తుంది. దిర్హాము విలువ డాలరుకు 3.67 చొప్పున కట్టేసి ఉంటుంది. 2007 మొదట్లో డాలరుకు 44 రూపాయల పైన ఉన్న మారకం, నవంబరు నాటికి 39 దగ్గరికి దిగింది. అంటే దిర్హాము 12 రూపాయల నుంచి 11 లోపుకు పడింది. దుబాయిలో ఎవరి జీతమూ తగ్గలేదు. ఊరికి చేరే డబ్బు మాత్రం నూటికి పదీ పన్నెండు రూపాయలు తరిగింది. అప్పు రూపాయల్లో ఉంది, మిత్తి రూపాయల్లో ఉంది, పిల్లగాడి వైపు అడిగిన కట్నం రూపాయల్లో ఉంది. డాలరు బలహీనపడడం లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఆర్థిక పేజీల వార్త. లేబర్ క్యాంపులో అది చెల్లె లగ్గానికి పంపే డబ్బులో పడిన కోత. అదే సమయంలో దుబాయిలో ధరలూ పెరుగుతున్నాయి. రెండు వైపుల నుంచి నొక్కినప్పుడు ఏళ్ల తరబడి ఓర్చుకున్నవాళ్లు కూడా బయటికొచ్చారు.

2013 మేలో అరబ్‌టెక్‌లో మళ్లీ పని ఆగింది. అప్పటి డిమాండ్లలో ముఖ్యమైనది, మూడు పూటల భోజనానికి బదులు నగదు ఇవ్వాలని. చూసేవాళ్లకు వింతగా తోచే కోరిక ఇది. తన వంట తాను వండుకుని, పూట తగ్గించుకుని, ఆ మిగులును ఇంటికి పంపుకోవాలన్నది దాని ఆంతర్యం. కడుపు మాడ్చుకునే హక్కు కోసం సమ్మె చేశారంటే ఆ మిగులుకు ఊళ్లో ఎంత అవసరం ఉందో ఊహించవచ్చు. పలువురిని దేశం నుంచి పంపించేశారు.

సౌదీలో 2016 నాటి సంక్షోభం మరో రకం. చమురు ధరలు పడిపోయి ప్రభుత్వ చెల్లింపులు నిలిచిపోవడంతో బిన్ లాదిన్ గ్రూపు, సౌదీ ఓజర్ వంటి మహా కంపెనీలు జీతాలు ఆపాయి. మక్కాలో కోపోద్రిక్తులైన కార్మికులు కంపెనీ బస్సులు తగలబెట్టారు. జూలై చివర్లో 10 వేల మంది భారతీయులు తిండి లేక క్యాంపుల్లో చిక్కుకున్నారని వార్తలు రావడంతో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ జోక్యం చేసుకున్నారు. సహాయ మంత్రి వి.కె. సింగ్ సౌదీ వెళ్లారు. ఉచితంగా ఎగ్జిట్ వీసాలు ఇప్పించారు. అయినా చాలామంది వెంటనే కదలలేదు. బాకీ జీతం తీసుకోకుండా వెళ్తే అది ఎప్పటికీ రాదని వారికి తెలుసు. ఉత్త చేతులతో ఊరికి పోవడం కంటే తిండి లేని క్యాంపులో ఉండడమే మేలనుకున్నారు.

సమ్మెకు బదులు పరారీ

సమ్మె చేయడం ప్రమాదం, చేయకపోవడం నష్టం. ఈ రెండింటి మధ్య తెలంగాణ కార్మికులు ఎక్కువగా ఎంచుకున్న దారి కంపెనీ వదిలి పారిపోవడం. గల్ఫ్‌లో దాన్ని ఖల్లివెల్లి అంటారు. కఫీల్‌ను వదిలి, అఖామా లేకుండా, రోజుకూలీగా ఎక్కడ ఎక్కువ డబ్బు దొరికితే అక్కడ పనిచేయడం. కంపెనీలో 800 వచ్చేచోట బయట 1,500 రావచ్చు. సౌదీలో కఫీల్ అతని మీద హురూబ్ (పరారీ అయ్యాడన్న ఫిర్యాదు) వేస్తాడు. అప్పటి నుంచి పోలీసు కంటపడకుండా బతకాలి, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోరాదు, ఇంటికి రావాలంటే జరిమానా కట్టాలి లేదా క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి. కువైట్ 2018లోనూ 2020లోనూ, యూఏఈ 2018లోనూ అలాంటి క్షమాభిక్షలు ప్రకటించాయి. ప్రతిసారీ ఔట్‌పాస్‌ల (ఇంటికి వెళ్లే తాత్కాలిక ప్రయాణ పత్రాల) కోసం రాయబార కార్యాలయాల ముందు తెలుగువాళ్ల వరుసలు కనిపించాయి.

ఖల్లివెల్లి అయినవారిని నేరస్తుల్లా చూడడం పొరపాటు. కార్మిక శాస్త్రం చూపుతో చూస్తే అది ఒంటరిగా చేసే సమ్మె. వంద మంది కలిసి పని ఆపితే వార్త అవుతుంది, వంద మంది ఒక్కొక్కరుగా మాయమైతే కంపెనీ రిజిస్టరులో గీత పడుతుంది. పెళ్లి బాధ్యత మనిషిని సామూహిక పోరాటం నుంచి విడదీసి ఇలా ఒంటరి దారిలోకి నెడుతుంది, ఎందుకంటే ఎవరి ముహూర్తం వారిది. ఒకడికి మాఘంలో డబ్బు కావాలి, పక్క మంచం వాడికి వైశాఖం దాకా ఆగే వీలుంది. ఇద్దరి కోపమూ ఒకే నెలలో పండదు. అందరి జీతాలూ ఒకేసారి ఆగినప్పుడు మాత్రమే క్యాంపు ఒక్కటవుతుంది.

పెళ్లికాని యువకుల చిక్కు వేరు. గల్ఫ్ ఒప్పందం మామూలుగా రెండేళ్లు, తర్వాత ఒకటి రెండు నెలల చుట్టీ. సంబంధం చూడడం, నిశ్చితార్థం, లగ్గం, అత్తగారింటి మర్యాదలు అన్నీ ఆ కొద్ది రోజుల్లో ఇరికించాలి. సీజను పని ఉందని కంపెనీ చుట్టీ వెనక్కి నెడితే ఇక్కడ అచ్చేసిన శుభలేఖలు వృథా అవుతాయి. చుట్టీ నిరాకరణ మీద క్యాంపు బాసులతో జరిగే గొడవలు ఏ గణాంకంలోనూ చేరవు గానీ, గల్ఫ్ నుంచి వచ్చినవారిని కదిలిస్తే ముందుగా వినిపించే ఫిర్యాదుల్లో ఇది ఒకటి. ఒకప్పుడు దుబాయి పిల్లగాడంటే పల్లెల్లో గిరాకీ ఉండేది. సేద్యం చేసే కుర్రాళ్లకు పిల్ల దొరకడం కష్టమైన కాలంలో గల్ఫ్ కూలి పని కూడా పాత మెరుపు కోల్పోయింది. హైదరాబాదులో చిన్న కొలువైనా సరే, దగ్గర ఉండేవాడు కావాలంటున్నారు ఆడపిల్లల తల్లిదండ్రులు.

చైనాలో ఈ ఒత్తిడి తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ ఆడపిల్లల సంఖ్య తగ్గిపోయి కన్యాశుల్కం, ఇల్లు కొనడం మగపిల్లవాడి మీద పడ్డాయి. మగపిల్లల నిష్పత్తి ఎక్కువున్న ప్రాంతాల్లో కొడుకులున్న కుటుంబాలు ఎక్కువ పొదుపు చేస్తున్నాయని షాంగ్-జిన్ వే, షియావోబో జాంగ్ అనే ఆర్థికవేత్తలు 2011లో చూపించారు. 2010లో ఫోషాన్ నగరం హోండా విడిభాగాల ఫ్యాక్టరీలో జరిగిన సమ్మె ఆ తరం యువ వలస కార్మికులదే. వాళ్లు పాత బాకీలు అడగలేదు, జీతం గణనీయంగా పెంచాలన్నారు, సాధించుకున్నారు కూడా. అప్పు తీర్చాల్సినవాడు బాకీ అడుగుతాడు, కొత్త సంసారం కోసం కూడబెట్టాల్సినవాడు రేటు పెంచమంటాడు. డిమాండు ఆకారాన్ని నిర్ణయించే వాటిలో పెళ్లి ఖర్చు ఎవరి మీద పడిందన్నది కూడా ఒకటి.

ఆడవాళ్ల వలస, జంటల వలస

కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళల్లో బిడ్డ పెళ్లి కోసం వెళ్లే తల్లులు ఎందరో. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు 30 ఏళ్లు నిండని మహిళలను ఇంటిపనికి పంపరాదన్నది భారత నిబంధన. దాన్ని దాటడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్లినవారికి ఒప్పంద పత్రం ఉండదు. నాలుగు గోడల మధ్య ఒక్కతే పనిచేసే మనిషికి సమ్మె అన్న మాటకు అర్థం లేదు. ఆమె నిరసన రాత్రిపూట ఇల్లు దాటి రాయబార కార్యాలయపు ఆశ్రయానికి చేరడం.

దేశంలోపలి వలసలో పెళ్లి మరింత సూటిగా కూలిలోకి వస్తుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరుకు కోత కూలీలకు ముకద్దం (కూలీల మేస్త్రీ) అడ్వాన్సు ఇచ్చేది జంటకు. ఆ జంటను కోయతా అంటారు. ఒంటరి మగవాడికి అడ్వాన్సు సగం, లేదా అసలే లేదు. అందుకే కోత సీజనుకు ముందు హడావుడిగా, వయసు నిండకుండానే పెళ్లిళ్లు జరిగిపోతాయి. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి చెరుకు కోతకు వెళ్లే కుటుంబాలదీ ఇదే పద్ధతి. అక్కడ పెళ్లి కోసం అడ్వాన్సు తీసుకుంటారు, అడ్వాన్సు కోసం పెళ్లి చేస్తారు. ఇందులో సమ్మెకు ఒకే ఒక్క అదను ఉంది. ఫ్యాక్టరీలు గానుగ మొదలుపెట్టే ముందు, బండ్లు ఊరు కదలకముందు. బీడ్ కూలీ సంఘాలు రేట్ల కోసం సమ్మె పిలుపులు ఆ సమయంలోనే ఇస్తాయి. చెరుకు తోటలోకి దిగిన తర్వాత భార్య, భర్త, పసిబిడ్డలు అందరూ ఒకే అప్పు కింద ఉంటారు. ఇంట్లో ఒకరు సమ్మె చేసి మరొకరు సంపాదించే వెసులుబాటు ఉండదు.

తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల సుమంగళి పథకం ఈ తర్కానికి పరాకాష్ఠ. పెళ్లీడు పేద ఆడపిల్లలను మూడేళ్ల ఒప్పందం మీద తీసుకుని, హాస్టల్లో ఉంచి, నెలనెలా కొద్దిగా ఇచ్చి, మిగతాది గడువు నిండాక ఒకేసారి ముప్పై నలభై వేలుగా చేతిలో పెడతామన్నారు. అది కట్నం డబ్బు. మధ్యలో మానేస్తే పోతుంది, ఎదురు మాట్లాడితే పోతుంది. రెండున్నరేళ్లు పనిచేసిన పిల్ల ఆరు నెలల కోసం దేన్నయినా సహిస్తుంది. యజమానులకు ఇంతకంటే చవకైన క్రమశిక్షణ దొరకదు.

నాటాల్, 1913

పెళ్లి ప్రశ్న తెలుగు వలస కూలీలను సమ్మెలోకి దింపిన సందర్భం వందేళ్ల కిందటే ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ దక్షిణాఫ్రికా డర్బన్ చేరింది. అప్పటి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ తమిళులతో పాటు విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్లు నాటాల్ చెరుకు తోటలకు, బొగ్గు గనులకు ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు. ఒప్పందం ముగిసినా వెనక్కి పోనివారి మీద 1895 చట్టం ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. తర్వాత దాన్ని ఎదిగిన పిల్లలకూ విస్తరించారు: పదహారు దాటిన మగపిల్లలు, పదమూడు దాటిన ఆడపిల్లలు. ఒప్పంద కూలీ తొలి ఏడాది నెలజీతం పది షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, ఆరు నెలల జీతం. సంసారం ఎంత పెద్దదైతే పన్ను అంత పెద్దది.

దీనికి తోడు 1913 మార్చిలో జస్టిస్ సర్ల్ తీర్పు వచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లిళ్లకు చట్టం ముందు గుర్తింపు లేదన్నది దాని సారం. ఒక్క దెబ్బతో భారతీయ భార్యలు భార్యలు కాకుండా పోయారు, పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమైంది. అంతవరకు సత్యాగ్రహంలో పెద్దగా లేని స్త్రీలు అప్పుడు కదిలారు. ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన మహిళలు న్యూకాజిల్ గనుల దగ్గర కూలీలను పని మానమని కోరారు. అక్టోబరులో గనులు ఆగాయి. నవంబరు 6న గాంధీ వెంట సరిహద్దు దాటిన యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారు. సమ్మె తీరప్రాంతపు చెరుకు తోటలకు పాకింది. 1914 జూలైలో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం మూడు పౌన్ల పన్నును ఎత్తేసి, భారతీయ వివాహాలను గుర్తించింది.

గల్ఫ్‌తో పోలిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాటాల్‌లో భార్యాబిడ్డలు కూలీల పక్కనే ఉన్నారు. సంసారానికి వచ్చిన ముప్పు అందరికీ ఒకేసారి, ఒకే తీర్పుతో, ఒకే పన్నుతో వచ్చింది. గల్ఫ్ కార్మికుడి సంసారం ఊళ్లో ఉంది, అతని ముప్పు ప్రైవేటు నోటు మీద ఉంది. మొదటిది జనాన్ని కలిపింది, రెండోది విడదీస్తోంది.

ప్రభుత్వాలు చేసినవి

2006–07 అలజడుల తర్వాత యూఏఈ 2009లో జీతాలను బ్యాంకుల ద్వారానే చెల్లించాలన్న వేతన రక్షణ వ్యవస్థ తెచ్చింది. సౌదీ, ఖతర్ తర్వాత దాన్ని అనుసరించాయి. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది, సౌదీ 2021 మార్చిలో కొన్ని సడలింపులు ఇచ్చింది. ఇవి మంచి మార్పులే. జీతం ఆగినట్టు కంప్యూటరుకు తెలియడం వేరు, కార్మికుడి చేతికి డబ్బు రావడం వేరు. 2022 ఆగస్టులో ప్రపంచకప్‌కు మూడు నెలల ముందు దోహాలో జీతాల కోసం రోడ్డు మీద నిలబడ్డ కార్మికుల్లో కొందరిని దేశం నుంచి పంపేశారు.

భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరులో గల్ఫ్ ఉద్యోగాల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2021 జూలైలో పాత రేట్లు పునరుద్ధరించారు. గల్ఫ్ కార్మికుల జీతం మీద తెలంగాణ గడ్డ మీద నడిచిన పోరాటాల్లో గెలిచినది ఇదే అని చెప్పవచ్చు. సమ్మె హక్కు లేని కార్మికుడి తరఫున కోర్టు మెట్లు ఎక్కిన పోరాటం అది.

పెళ్లి ఖర్చు వైపు నుంచి వచ్చిన పథకం కల్యాణలక్ష్మి. 2014 అక్టోబరు 2 నుంచి 51 వేల రూపాయలతో మొదలై, 2018లో 1,00,116 రూపాయలకు చేరింది. పిల్లకు 18 ఏళ్లు నిండాలన్న నిబంధన బాల్యవివాహాలకు కొంత అడ్డుకట్ట. చెక్కు చాలా ఇళ్లకు లగ్గం అయిన నెలల తర్వాత చేరుతుంది కాబట్టి, అప్పు ముందే చేయక తప్పదు. బంగారం లక్ష దాటిన తర్వాత ఆ చెక్కు విలువ ఒక తులానికి మించదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం తెలంగాణ ప్రభుత్వం 2024లో అమల్లోకి తెచ్చింది. బతికుండి జీతం రాని కార్మికుడికి అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. కేసు నడుస్తున్నంత కాలం ఊళ్లో అప్పు మీద మిత్తిని ఆపే తాత్కాలిక రుణం కూడా లేదు. సహకార బ్యాంకులు, మహిళా సంఘాలు తలచుకుంటే ఇది అసాధ్యం కాదు.

జీతం బాకీలు ఎక్కువగా ఎగిరిపోయేది సమ్మెల్లో కాదు, సర్దుబాట్లలో. ఇంట్లో లగ్గం ఉందని తెలిసిన కంపెనీ, టికెట్ ఇస్తాం, పూర్తి లెక్క ముట్టిందని సంతకం పెట్టమంటుంది. ముహూర్తం మీద కళ్లున్నవాడు పెడతాడు. 2020లో కరోనా సమయాన వందే భారత్ విమానాల్లో తిరిగొచ్చిన వేల మంది ఇలాగే నెలల జీతం, గ్రాట్యుటీ వదులుకుని వచ్చారు. ఆ ఏడాది జూన్‌లో ఆసియా వలస కార్మికుల సంఘాలు వేతన దోపిడీపై ప్రచారం మొదలుపెట్టింది అందుకే.

కాబట్టి ఇంట్లో శుభకార్యం పెట్టుకుని చుట్టీ మీదనో, ఉద్యోగం వదిలో వస్తున్నవారు కొన్ని కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. ఒప్పందం నకలు, అఖామా నకలు, జీతం పడిన బ్యాంకు వివరాలు, ఓవర్‌టైం లెక్క ఫోనులో ఫొటోలు తీసి ఇంటికి పంపాలి. ముట్టని డబ్బు ముట్టినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టరాదు. బాకీ ఉంటే విమానం ఎక్కకముందే అక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు వేసి, కేసు నడిపేందుకు భారత రాయబార కార్యాలయానికో నమ్మకమైన వ్యక్తికో పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి రావాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేసుకోవాలి. ఫిర్యాదు, పవర్ ఆఫ్ అటార్నీ లేకుండా దేశం దాటి వచ్చినవారి కేసులు చాలావరకు అక్కడే ఆగిపోతున్నాయి.